గోడలో కొబ్బరి పీచు వేయొచ్చా?

పిల్లలూ,

గుంటూరులో మీ అపార్ట్‌మెంటుకు ప్లాస్టింగ్ జరుగుతోందట. మేస్త్రీ ఒక చిన్న ప్యాకెట్ చింపి అందులోని తెల్లటి సన్న పోగులు మాలులో కలుపుతుంటే ఇదేమిటని అడిగారట, ప్లాస్టిక్ ఫైబర్ అని చెప్పాడట. నిన్న ఫోన్లో చిట్టితల్లి ఇదంతా చెప్పి, చివర్లో అసలు ప్రశ్న వేసింది: "తాతయ్యా, ప్లాస్టిక్ ఎందుకు? కొబ్బరి పీచు రోజూ పారేస్తాం కదా, అదే వేస్తే గోడ గట్టిగా ఉండదా?" దీనికి అవునని చెప్పినా తప్పే, కాదని చెప్పినా తప్పే. అందుకే ఇంత పొడుగు ఉత్తరం. ఒక్కళ్ళే చదివేసి పక్కన పడేయకండి, మీ మెట్ల దగ్గర చేరే జట్టంతటికీ వినిపించండి.

ఎలాగూ ఎండాకాలమే కాబట్టి మామిడిపండుతో మొదలుపెడతాను. బంగినపల్లికి కత్తి పెడితే ముక్క నున్నగా తెగి పళ్ళెంలో పడుతుంది. అదే నూజివీడు రసాన్ని కత్తితో కోయబోతే ఏమవుతుంది? గుజ్జు తెగినా పీచు తెగదు. రెండు ముక్కలూ పీచు పట్టుకుని వేలాడుతుంటాయి, టెంక నుంచి ఊడి రావడానికి పేచీ పెడతాయి. ఏమీ కలపని ఉత్త సిమెంటు మాలు, ఉత్త కాంక్రీటు ఈ విషయంలో బంగినపల్లి జాతి. మీద ఎంత బరువైనా పెట్టండి, మోస్తుంది. కానీ అటూ ఇటూ లాగితే మాత్రం, నొక్కినప్పుడు తట్టుకునే బలంలో దాదాపు పదో వంతుకే తెగిపోతుంది. పగులు ఒకసారి మొదలైతే దాన్ని మధ్యలో ఆపేది ఏదీ లేదు, ఈ చివర నుంచి ఆ చివరికి పోతుంది. స్లాబుల్లో, బీముల్లో ఇనుప ఊచలు వేసేది ఈ లాగుడు తట్టుకోవడానికే. గోడ మీద వేసే అంగుళంలోపు పూతలో ఊచలెక్కడ పెడతారు? అక్కడికే ఈ పోగులు.

ఒక సంగతి సరిగ్గా పట్టుకోండి. పీచు వేసినంత మాత్రాన పగులు పుట్టకుండా పోదు. పుట్టిన పగులు నోరు తెరవకుండా పట్టుకోవడమే దాని పని. రసం పండులోనూ అంతే కదా, కత్తి దిగాకే పీచు ఉందని తెలుస్తుంది. పీచు నున్నగా ఉంటే సర్రున జారి వచ్చేస్తుంది, గరుకుగా ఉంటే రాసుకుంటూ, మొరాయిస్తూ వస్తుంది. ఆ మొరాయింపులోనే దెబ్బ తాలూకు జోరు ఖర్చయిపోతుంది. కొబ్బరి పీచు గరుకు, పైగా బాగా సాగుతుంది. మూడు నుంచి ఐదు సెంటీమీటర్ల ముక్కలు చేసి వేస్తారు. మరీ పొట్టిగా ఉంటే పట్టు దొరకదు, మరీ పొడుగైతే ఒకదానికొకటి చుట్టుకుపోతాయి. మంచిదన్నారు కదా అని గుప్పిళ్ళకొద్దీ వేసినా చేటే. పండులో పీచు మరీ ఎక్కువైతే రసం తక్కువై పళ్ళ సందుల్లో ఇరుక్కోవడమే మిగులుతుంది. ఇక్కడ పీచు ఉండలు కడుతుంది, మాలు సరిగ్గా కూరుకోదు, లోపల గాలి సందులు మిగిలి గోడ ఇంకా బలహీనమవుతుంది. మొత్తం ఘనపరిమాణంలో నూటికి ఒక పాలు, మహా అయితే రెండు, అంతే.

విజయవాడ ఎండల సంగతి మీకు చెప్పక్కర్లేదు. మే నెలలో మధ్యాహ్నం వడగాడ్పు కొడుతుండగా ప్లాస్టింగ్ చేస్తే పైన నీళ్ళు గంటల్లో ఆవిరైపోతాయి. నీళ్ళు పోయిన చోట మాలు ముడుచుకుంటుంది, అప్పటికింకా దానికి బలం రాలేదు, ఎక్కడ చూసినా సన్న గీతలు పడతాయి. నల్లరేగడి చేలు వేసవిలో నెర్రెలు విచ్చేదీ తడి ఆరి ముడుచుకోవడం వల్లే. పీచు అన్నిటికంటే బాగా అక్కరకొచ్చేది ఈ మొదటి గంటల్లో, మొదటి రోజుల్లో అని నా అభిప్రాయం. ఎందుకో కాసేపట్లో చెబుతాను. ముందు గోంగూర గురించి చెప్పాలి.

మీకు గోంగూర అంటే పచ్చడి. తెనాలి దగ్గర మా పల్లెలో అది తాడు కూడా. లేతగా ఉన్నప్పుడు ఆకు కూరకు, గోగు మనిషిని మించి ఎదిగాక కాడ నారకు. కోసి కట్టలు కట్టి కాలవలో ముంచి, పైకి తేలకుండా మీద బరువు పెట్టేవాళ్ళు. వారాలు గడిచేసరికి కంపు ఊరి మొదట్లోకే వచ్చేది, చుట్టాలు ముక్కు మూసుకుని బండి దిగేవాళ్ళు, మాకు మాత్రం అలవాటై ఏమీ అనిపించేది కాదు. తర్వాత పెద్దవాళ్ళు నడుం లోతు నీళ్ళలో నిలబడి పుల్ల నుంచి నార ఒలిచి, జాడించి, గట్టు మీద ఆరేసేవాళ్ళు. నార వాళ్ళది, పుల్లలు మావి. వాటితో కత్తి యుద్ధాలు చేసి వీపులు వాయగొట్టుకున్నాక మిగిలినవి పొయ్యిలోకి పోయేవి. సాయంత్రం మా నాన్న అరుగు మీద కూర్చుని తొడ మీద నార పేనుతూ పశువులకు పలుపులు చేసేవాడు. నేనూ పేనబోతే తొడ మంట పుట్టింది తప్ప మూరెడు తాడు రాలేదు. పాక గోడ పెట్టేటప్పుడు మట్టిలో ఎండుగడ్డి ముక్కలూ ఊకా పోసి మా పిల్లల్ని తొక్కమనేవాళ్ళు. ఎందుకని అడిగితే మా నాన్న "గడ్డి లేకపోతే గోడ బీటలు వారుతుందిరా, మాట్లాడకుండా తొక్కు" అనేవాడు. ఇంజనీరింగ్ చదవని మనిషి. ఈ రోజుల్లో మీరు ఇసుకలో అడుగు పెడితే చాలు, మీ అమ్మ శానిటైజర్ తెస్తుంది. సరే, అది వేరే గొడవ.

కాలవలో నానేసిన ఆ పని సిమెంటుకు కూడా కావాలి. పచ్చి నారలో జిగురూ తీపీ ఉంటాయి. నీళ్ళలోని సూక్ష్మజీవులు జిగురును తినేస్తాయి, తీపి నీళ్ళలో కలిసిపోతుంది. చక్కెరకూ సిమెంటుకూ పడదు. కొంచెం చక్కెర చేరినా సిమెంటు గట్టిపడటం ఆలస్యమవుతుంది, అందుకే చెరకు పిప్పిని కడగకుండా కలపకూడదు. (ఇది చదివి మేస్త్రీ మాలులో పంచదార పోసి చూద్దాం అనుకునే మహానుభావుడు మీలో ఎవరో నాకు తెలుసు. వద్దు నాన్నా, అది వాళ్ళ రోజు కూలి.) ఇంకొకటి, ఎండు పీచు నీళ్ళు బాగా తాగుతుంది. అలాగే వేసేస్తే సిమెంటుకు అందాల్సిన నీళ్ళు అది లాగేసుకుంటుంది. ముందే నానబెట్టి, పిండి, పైతడి ఆరాక కలపాలి.

ఇప్పుడు అసలు చిక్కు. మామిడిపండు ఇక్కడి నుంచి మనతో రాదు, ఎందుకంటే ఏ పండూ తన పీచును తాను తినదు. సిమెంటు తింటుంది. గట్టిపడేటప్పుడు దానిలో సున్నం పుడుతుంది, లోపలి తడి ఘాటైన క్షారంగా ఉంటుంది, పి.హెచ్. (క్షారం ఎంత ఘాటో చెప్పే అంకె) 12 దాటి. తాపీ మేస్త్రీల వేళ్ళు ఎలా ఒరిసి పగిలి ఉంటాయో ఎప్పుడైనా చూడండి. నారలోని సన్న పోగుల్ని అంటించి ఉంచేది లిగ్నిన్ అనే పదార్థం. ఆ క్షారం దాన్ని కరిగిస్తుంది, నార లోపలి బోలులోకి సున్నం చేరి పేరుకుంటుంది. మెత్తగా వంగాల్సిన నార కొన్నేళ్ళకు పెళుసుబారి పుటుక్కున విరుగుతుంది. తడుస్తూ ఆరుతూ ఉండే చోట ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. 1970లు, 80లలో చాలా దేశాల్లో కిత్తనార, కొబ్బరి పీచు వేసి సిమెంటు రేకులు చేశారు, చవగ్గా ఉంటాయని. కొన్నేళ్ళకే చాలా రేకులు పెళుసుబారి పగిలాయి. మట్టికి ఈ గుణం లేదు. ఎల్లోరా గుహల్లో సుమారు 1500 ఏళ్ళనాటి మట్టి పూతలో గంజాయి మొక్క ముక్కలు ఉన్నాయని 2016లో పరిశోధకులు ప్రచురించారు. (అవును, గంజాయే. గోడకు వాడారు, అక్కడితో ఆపండి.)

మరి దీనికి మందు లేదా అంటే ఉంది, అదీ మన ఊరి పక్కనే. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో బొగ్గు మండాక మిగిలే సన్న బూడిద. దాన్ని సిమెంటులో కొంత భాగానికి బదులు కలిపితే, పుట్టిన సున్నంతో అది కలిసి ఇంకో గట్టి పదార్థంగా మారుతుంది. నారను తినే సున్నం తగ్గిపోతుంది. అందరూ దులుపుకునే బూడిద, అందరూ పారేసే పీచుకు కాపలా కాస్తుందంటే నాకు ఈ వయసులో కూడా ఆశ్చర్యమే. కొబ్బరి పీచులో లిగ్నిన్ మిగతా నారల కంటే ఎక్కువ కాబట్టి కొంచెం ఎక్కువ కాలం పోరాడుతుంది కూడా. ఇక మొదటి రోజుల పగుళ్ళ మాటకొస్తే, అప్పటికి నార కొత్తది, చెక్కు చెదరలేదు. ఆ పని చేసి పెట్టాక పదేళ్ళకు అది పెళుసుబారినా పూతకు పెద్ద నష్టం లేదు. ఇందాక చెబుతానన్న కారణం ఇదే.

కానీ "ఇనుము బదులు కొబ్బరి పీచు" అని ఎవరైనా వీడియోలో చెబితే నమ్మకండి. మీ తల మీది స్లాబును ఏళ్ళ తరబడి మోయాల్సింది ఊచలే. పీచు పూతకు, పల్చటి పలకలకు, నడిచే దారి దిమ్మెలకు, దెబ్బ తగిలే చోట్లకు. 2024 సెప్టెంబరులో కృష్ణకు 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చినప్పుడు పడవలు కొట్టుకొచ్చి ప్రకాశం బ్యారేజీ గేట్ల కౌంటర్ వెయిట్లను (గేటు బరువుకు సమతూకంగా ఉండే దిమ్మెలను) గుద్దాయి, ఆ కాంక్రీటు దిమ్మెలు దెబ్బతిన్నాయి. పీచు ఉంటే అవి నిలిచేవని నేననను, అంత పెద్ద పడవలు గుద్దితే ఏం నిలుస్తుంది. బరువు మోయడం వేరు, దెబ్బ కాయడం వేరు అన్నది మాత్రం ఆ ఫోటోలు చూసినవాళ్ళకు అర్థమవుతుంది.

ఇక చదవడం ఆపి పనిలోకి దిగండి. మీ నాన్నను దగ్గర కూర్చోబెట్టుకోండి, చేతులకు గ్లౌజులు వేసుకోండి, తడి సిమెంటు చర్మాన్ని కాలుస్తుంది. ఒక పాలు సిమెంటు, మూడు పాళ్ళు ఇసుక. వెడల్పాటి ప్లాస్టిక్ డబ్బాల్లో వేలెడు మందాన మూడు పలకలు పోయండి, ఒకటి ఉత్తది, రెండు పీచువి. పీచును కడిగి, నానబెట్టి, నాలుగు సెంటీమీటర్లకు కత్తిరించి, ఉండలు కట్టకుండా కొంచెం కొంచెంగా చల్లుతూ కలపండి. మర్నాటి నుంచి వారం రోజులు తడి గోనెపట్టా కప్పి ఉంచండి. మిర్చి టిక్కీల గోతాలు మీ ఊళ్ళో అడిగితే దొరక్కపోవు, కాకపోతే బాగా ఉతకండి, లేకపోతే కళ్ళు మండి నన్ను తిడతారు. తర్వాత ఉత్త పలకనూ ఒక పీచు పలకనూ సుత్తితో కొట్టండి, కళ్ళకు అద్దాలు పెట్టుకుని. పగులు దగ్గర భూతద్దం పెట్టి, ఏ పీచు తెగింది, ఏది ఊడి వచ్చింది, ఏది ఇంకా పట్టుకునే ఉంది అని విడివిడిగా లెక్క రాయండి. మూడో పలకను మాత్రం ముట్టుకోవద్దు. తేదీ రాసి డాబా మీద ఎండకూ వానకూ వదిలేయండి, రెండేళ్ళ తర్వాత దాన్నీ పగలగొట్టి లెక్కలు రెండూ పక్కపక్కన పెట్టి నాకు పంపండి.

మీ తాతయ్య,
విజయవాడ