మన్నించే హక్కు ఎవరిది?

ఘోరాలు చేసిన పాత్ర మారితే మన్నించాలా వద్దా అన్న వాదన ఫాంటసీ సీరియళ్లకు కొత్త కాదు. 1995లో అమెరికా టీవీలో హెర్క్యులిస్ సీరియల్‌లోకి జీనా అనే యోధురాలు విలన్‌గా వచ్చింది. మూడు ఎపిసోడ్లలో ఆమెను చంపేయాలన్నది మొదటి ఆలోచన. చంపలేదు, మార్చారు. సెప్టెంబరుకల్లా ఆమె పేరుమీదే వేరే సీరియల్ మొదలై 2001 దాకా ఆరు సీజన్లు నడిచింది.

ఊళ్లు తగలబెట్టిన మనిషే కథానాయిక అయితే ఆ ఊళ్లవాళ్ల సంగతేమిటి? రచయితలు ఈ ప్రశ్నను దాటేయలేదు. మొదటి సీజన్‌లోనే కాలిస్టోను తెచ్చారు. జీనా సైన్యం దాడిలో చిన్నప్పుడే కుటుంబాన్ని పోగొట్టుకున్న పిల్ల ఆమె. పెద్దయ్యాక జీనా పేరు చెప్పి మరీ ఊళ్ల మీద పడుతుంది. జీనా ఎంత మంచి చేసినా కాలిస్టో తల్లి తిరిగి రాదు.

చివరి కథలో, తన కారణంగా మంటల్లో పోయిన 40,000 మంది ఆత్మలకు శాంతి దక్కాలని జీనా చావునే ఎంచుకుంటుంది. తనను బతికించబోయిన నేస్తం గాబ్రియెల్‌ను తానే ఆపుతుంది. అభిమానులు మండిపడ్డారు. ఆ కోపం న్యాయమైనదే. ప్రాణమిస్తే తప్ప పాపం తీరదంటే, ఆరు సీజన్లపాటు బతికి చేసిన మంచికి విలువేముంది?

2002లో ‘బఫీ ది వాంపైర్ స్లేయర్’ సీరియల్‌లో కథానాయిక బఫీ మీద అత్యాచారానికి ప్రయత్నించిన స్పైక్ అనే ఆత్మలేని రక్తపిశాచి, ఆ తర్వాత ఆత్మను వెతుక్కుంటూ వెళ్లాడు. అతణ్ని నేటికీ మన్నించని ప్రేక్షకులున్నారు. వాళ్లను తప్పుపట్టలేం.

2005–08 మధ్య వచ్చిన అవతార్ యానిమేషన్ సీరియల్ ఈ చిక్కుముడిని అందరికంటే శ్రద్ధగా విప్పింది. అందులో శత్రుదేశపు యువరాజు జూకో ఒక్కసారిగా మారడు. రెండో సీజన్ చివర చెల్లెలి పక్షం చేరి, తనను తండ్రిలా చూసుకున్న పెదనాన్న ఐరోకే ద్రోహం చేస్తాడు. తర్వాత తలవంచుకుని వస్తే ఐరో మాట పూర్తికానివ్వకుండా కౌగిలించుకుంటాడు. జూకో దేశపు దాడిలో తల్లిని పోగొట్టుకున్న కతారా దగ్గర మాత్రం అంత తేలిగ్గా కుదరదు. తల్లిని చంపినవాడు ఎదురుపడితే ఆమె వాడి ప్రాణం తీయదు, వాణ్ని ఎన్నటికీ మన్నించనని మాత్రం తర్వాత చెబుతుంది. జూకోను మన్నిస్తుంది. ఎవరిని మన్నించాలో తేల్చే అధికారం దెబ్బతిన్న మనిషిదేనని అంత స్పష్టంగా చెప్పిన సీరియల్ నాకు మరొకటి కనబడలేదు.

2019లో గేమ్ ఆఫ్ థ్రోన్స్‌లో జేమీ మళ్లీ తన క్రూరమైన అక్క, ప్రేయసి కూడా అయిన సెర్సీ దగ్గరికే వెళ్లిపోతే, ఎన్నో సీజన్లుగా వచ్చిన మార్పు వృథా అయిందని చాలామంది బాధపడ్డారు. నాకు అంతకంటే లోటనిపించింది బ్రాన్ విషయం. కిటికీలోంచి తోసి కాళ్లు పోగొట్టిన జేమీ క్షమాపణ అడిగితే బ్రాన్‌కు కోపమే ఉండదు. గాయపడ్డవాడికి మన్నించడానికో నిరాకరించడానికో ఏమీ మిగలకపోతే, ఆ క్షమాపణకు బరువెక్కడిది?