వంపు బీమ్ ఎందుకు తిరగబడుతుంది: అపోహలు, వాస్తవాలు

మా పరీక్ష బల్ల మీద తరచూ కనిపించే నమూనా ఇది: 500 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పొడవు, 2 మైక్రాన్ల మందం ఉన్న సిలికాన్ బీమ్, అంటే సన్నని పట్టీ. రెండు కొసలూ బిగించి ఉంటాయి, నడుము కాస్త పైకి లేచి ఉంటుంది, కింద ఎలక్ట్రోడ్. వోల్టేజి మెల్లగా పెంచుతూ సూక్ష్మదర్శినిలో చూస్తుంటే చాలాసేపు ఏమీ జరగనట్టే ఉంటుంది. ఉన్నట్టుండి, రెప్పపాటులో, నడుము కిందికి తిరగబడుతుంది. కొత్తగా చేరినవారు వెంటనే ‘పుల్-ఇన్’ (బీమ్ ఎలక్ట్రోడ్ మీదికి లాగబడి పడిపోవడం) అని రాసేసుకుంటారు. నిజానికి ఈ తిరగబడటం పేరు స్నాప్‌త్రూ.

అపోహ: పుల్-ఇన్, స్నాప్‌త్రూ ఒకే దానికి రెండు పేర్లు.

వాస్తవం: రెండూ అస్థిరతలే, పుట్టుక వేరు. పుల్-ఇన్‌కు మూలం విద్యుత్ బలం. బీమ్‌కూ ఎలక్ట్రోడ్‌కూ మధ్య ఖాళీ సగమైతే ఆకర్షణ నాలుగు రెట్లవుతుంది. బీమ్ ఎదురుబలం అంత జోరుగా పెరగదు. హద్దు దాటాక బీమ్ వెళ్ళి ఎలక్ట్రోడ్ మీద పడుతుంది. స్నాప్‌త్రూకు మూలం ఆకారం. వంపు పోయి తిన్నగా కావాలంటే బీమ్ తన పొడవు కంటే తక్కువ చోటులో ఇమడాలి, అంటే కుదించుకోవాలి. ఆ సంపీడనం పెరిగేకొద్దీ దృఢత్వం తగ్గుతూ వచ్చి ఒక దశలో రుణాత్మకమవుతుంది, అంటే కిందికి వంగేకొద్దీ ఎదురుబలం పెరగడానికి బదులు తగ్గుతుంది. ఇక నిలవలేక అవతలి వంపులోకి దూకుతుంది. విద్యుత్తుతో పని లేకుండా మామూలు భారం మోపినా ఇదే జరుగుతుంది. రేకు మూతను నడుమ నొక్కితే టక్కుమనేది ఇందుకే.

దూకిన బీమ్ ఎలక్ట్రోడ్‌ను తాకకుండా అవతలి వంపులో నిలకడగా ఉండగలదు. వోల్టేజి ఇంకా పెంచితే అప్పుడు పుల్-ఇన్. ఖాళీ చాలకపోతే మాత్రం మధ్యలో ఆగకుండా నేరుగా ఎలక్ట్రోడ్ మీదే పడుతుంది. గందరగోళం ఎక్కువగా ఇక్కడే మొదలవుతుంది.

అపోహ: వంపు ఉంటే చాలు, స్నాప్‌త్రూ ఖాయం.

వాస్తవం: మందంతో పోలిస్తే వంపు ఎత్తు ఎంతన్నదే తేలుస్తుంది. తక్కువైతే బీమ్ దూకకుండా సాఫీగా కిందికి వంగుతుంది. వోల్టేజి తీసేశాక కూడా అవతలే ఉండిపోవాలంటే ఎత్తు ఇంకా ఎక్కువ కావాలి. ఎత్తు బాగా పెరిగితే ఇంకో తిరకాసు: నడుము తిన్నగా దిగదు, ముందు ఒక భుజం జారుతుంది. రెండు వైపులా ఒకేలా వంగుతుందని లెక్కకట్టినవారికి వోల్టేజి అసలు కంటే ఎక్కువ వస్తుంది.

అపోహ: బీమ్ తన బరువుకే కుంగుతుంది.

వాస్తవం: చదరపు మీటరు లెక్కన ఈ బీమ్ బరువు 0.05 పాస్కల్ కూడా ఉండదు. 5 మైక్రాన్ల ఖాళీలో 50 వోల్టులిస్తే విద్యుత్ పీడనం సుమారు 440 పాస్కల్. దాదాపు పది వేల రెట్లు!

అపోహ: బీమ్ దూకే వోల్టేజిని ఒకసారి కొలిస్తే అది ఇక మారదు.

వాస్తవం: ఇచ్చే తీరును బట్టి మారుతుంది. బీమ్‌ను స్ప్రింగుకు కట్టిన పలకగా ఊహించే సరళమైన లెక్కలో, అవమందనం (కదలికను నెమ్మదింపజేసే నిరోధం) లేనప్పుడు, వోల్టేజిని ఒక్కసారిగా ఇస్తే మెల్లగా పెంచినప్పటి దానిలో 92 శాతానికే పుల్-ఇన్ అవుతుంది. వేగంలో పలక హద్దు దాటిపోతుంది. వేడి సంగతి ఇంకా ఘాటైనది. మన కొలతలున్న బీమ్‌ను తిన్నగా చేసి ఉంటే, దాని కొసలు బిగించిన ఆధారం చల్లగా ఉండగా బీమ్ ఒక్కటే 20 డిగ్రీలు వేడెక్కితే చాలు, ఏ వోల్టేజీ లేకుండానే వంగిపోయే అంచుకు చేరుతుంది. వంపు బీమ్‌కైతే ఎత్తు పెరుగుతుంది, దానితో అన్ని సంఖ్యలూ కదులుతాయి.

అపోహ: ధ్రువాలు మారిస్తే బీమ్ వెనక్కి వస్తుంది.

వాస్తవం: బలం వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి ఎటు మార్చినా ఆకర్షణే. వెనక్కి లాగాలంటే పైన మరో ఎలక్ట్రోడ్ ఉండాలి. అయితే ధ్రువాలు మార్చడం వృథా కాదు, నేను ప్రతి నమూనాకూ చేస్తాను. ఒకదానిలో ధన వైపు 41 వోల్టులకు దూకిన బీమ్, మార్చి ఇస్తే 36కే దూకింది. ఎలక్ట్రోడ్ మీది విద్యుద్బంధక పొరలో ఆవేశం చిక్కుకుంది. రాత్రంతా సున్నా వోల్టుల దగ్గర వదిలేసి పొద్దున కొలిస్తే తేడా ఒక వోల్టుకు తగ్గింది.