గ్యాస్ అయిపోలేదు, నీళ్లు చేరాయి

గవర్నర్‌పేటలో మా నాన్న కొట్టులో ఒక పాత సోడా మెషిన్ ఉంది. మొన్న ఏప్రిల్‌లో దానికి తిక్క పట్టింది. పొద్దున వేస్తే గంటన్నర సేపు బాగానే చల్లబరుస్తుంది. ఆ తర్వాత మోటారు తిరుగుతూనే ఉంటుంది, నీళ్లు మాత్రం వెచ్చబడతాయి. కట్టేసి రెండు గంటలాగి వేస్తే మళ్లీ మామూలే. "గ్యాస్ అయిపోయిందిరా" అని నాన్న తేల్చేశారు.

నీళ్లు వెచ్చబడితే సోడా పని అయిపోయినట్టే. మామూలు గాలి ఒత్తిడిలో లీటరు నీళ్లు 0 డిగ్రీల దగ్గర సుమారు 1.7 లీటర్ల కార్బన్ డయాక్సైడును పట్టుకుంటాయి. 40 డిగ్రీల దగ్గర అర లీటరుకు కాస్త ఎక్కువ, అంతే. బెజవాడ ఎండల్లో ఇక ఆ సోడా ఎలా ఉంటుందో చెప్పాలా!

కానీ నాన్న అన్నది సోడాలో కలిసే గ్యాస్ కాదు, మెషిన్లో నీళ్లను చల్లబరిచే గ్యాస్. అది వంటింటి సిలిండర్లోలా ఖర్చయ్యేది కాదు. కంప్రెసర్ దాన్ని నొక్కుతుంది. వెనక జాలీలో వేడి వదిలి ద్రవమవుతుంది. క్యాపిలరీ అనే సన్నటి రాగి గొట్టం దాటి కాయిల్లోకి రాగానే ఒత్తిడి తగ్గి, మరిగి, నీళ్లలోని వేడిని లాగేస్తుంది. మళ్లీ కంప్రెసర్‌కే. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టు. కారిపోయిన గ్యాస్ రెండు గంటల విశ్రాంతికి తిరిగి రాదుగా?

ఆటోనగర్ నుంచి వచ్చిన మెకానిక్ కథంతా విని, వేడినీళ్లలో ముంచిన గుడ్డ పిండి, క్యాపిలరీ కాయిల్‌ను కలిసేచోట చుట్టాడు. నిమిషం గడిచిందో లేదో లోపల బుస్సుమని చప్పుడు మొదలైంది.

"గ్యాస్ పోలేదండీ, నీళ్లు చేరాయి. అక్కడ చోక్ అవుతోంది."

ఆ గొట్టం లోపలి రంధ్రం మిల్లీమీటరు కూడా ఉండదు. గ్యాస్‌తో పాటు తిరిగే నీటి చుక్క, చలి సున్నాకు దిగువకు పడే ఆ కొసన గడ్డకట్టి దారి మూసేస్తుంది. చల్లదనం ఆగితే కరుగుతుంది. మళ్లీ కడుతుంది.

ఆ నీళ్లు ఎలా వచ్చాయంటే, తప్పు మాదే. ఈ మెషిన్ పుట్టింది ఆర్-12 అనే పాతరకం చల్లబరిచే గ్యాస్ కాలంలో. ఆ గ్యాస్‌లోని క్లోరిన్ ఓజోన్ పొరను తినేస్తుందని 1974లో మొలీనా, రోలాండ్ అనే శాస్త్రవేత్తలు హెచ్చరించారు. ఓజోన్‌ను కాపాడేందుకు దేశాలు చేసుకున్న 1987 మాంట్రియల్ ఒప్పందంతో దాని రోజులు దగ్గరపడ్డాయి. పోయినేడు ఇంకెవరిచేతో దాని బదులు ఆర్-134ఎ అనే గ్యాస్ కొట్టించాం. అది పాత ఖనిజ నూనెతో కలవదు గనక వేరే నూనె పోయాలి. ఆ కొత్త నూనె గాలిలోని తేమను ఇట్టే పీల్చుకుంటుంది. గొట్టాలు విప్పి రాత్రంతా అలాగే వదిలేశారు మరి.

ఇతను నూనె మార్చాడు, తేమ పీల్చే గింజలుండే ఫిల్టర్ మార్చాడు. ఆపైన వ్యాక్యూమ్ పంపు పెట్టి గంటలకొద్దీ తిప్పాడు. గాలి లాగడానికే అనుకున్నాను. నీళ్లను మరిగించడానికి కూడానట! మామూలుగా 760 మిల్లీమీటర్ల పాదరసం ఉండే ఒత్తిడిని 32 కిందికి దించితే, 30 డిగ్రీల దగ్గరే నీరు మరిగి ఆవిరైపోతుంది. మన ఎండ మేలు చేసింది ఈ ఒక్కచోటే. చివర్న కొత్తగా గ్యాస్ నింపాడు.

ఏమైందని ఎవరడిగినా నాన్న "గ్యాస్ కొట్టించాం" అనే చెబుతున్నారు. అదీ అబద్ధమేమీ కాదు.