ఐక్యూ ఫైళ్లు: బిట్లు పెరిగితే సిగ్నల్ పెరగదు

అమెరికా వాతావరణ ఉపగ్రహాలు నోవా 15, 18, 19 మూడూ 2025లో మూగబోయాయి. 137 మెగాహెర్ట్జ్ దగ్గర వాటి టిక్‌టిక్ ఇక వినపడదు. నాకు మిగిలినవి హార్డ్‌డిస్క్‌లోని పాత రికార్డింగులే. వాటిలో కొన్ని ఏ ఫార్మాట్‌లో ఉన్నాయో నాకే తెలియదు. "గుర్తుంటుందిలే" అనుకుని అప్పట్లో ఏమీ రాసిపెట్టుకోలేదు. ఎస్‌డీఆర్ (కంప్యూటర్ సాయంతో నడిచే రేడియో) మొదలుపెట్టే వాళ్లెవరైనా ముందు తడబడేది ఈ ఐక్యూ ఫైళ్ల దగ్గరే. రేడియో సిగ్నల్‌ని ఐ, క్యూ అనే అంకెల జతలుగా దాచే ఫైళ్లివి.

అపోహ: 32 బిట్ ఫ్లోట్‌లో (దశాంశ సంఖ్యలుగా) సేవ్ చేస్తే క్వాలిటీ బాగుంటుంది.

వాస్తవం: ఆర్‌టీఎల్ డాంగిల్ (కంప్యూటర్‌కి తగిలించే చిన్న రిసీవర్) ఇచ్చేదే 8 బిట్లు. ఐకి ఒక బైటు, క్యూకి ఒక బైటు, ఆ వరసలోనే వస్తూ ఉంటాయి. చెంబెడు నీళ్లు బిందెలో పోస్తే బిందెడు కావు కదా. సెకనుకు 24 లక్షల శాంపిళ్ల రేటుతో 12 నిమిషాల పాస్ (ఉపగ్రహం ఒకసారి మన మీదుగా వెళ్లడం) రికార్డు చేస్తే 8 బిట్‌లో దాదాపు 3.5 జీబీ అవుతుంది. అదే ఫ్లోట్‌లో 13.8 జీబీ. నమ్మకం లేకపోతే ఆ ఫ్లోట్ ఫైల్‌ని జిప్ చేసి చూడండి, బాగా తగ్గిపోతుంది. కారణం, అందులో ఉన్నవి 256 రకాల విలువలే. (అసలు 8 బిట్ ఫైల్ కూడా జిప్‌లో సగానికి పడిపోయిందంటే ఓసారి గెయిన్ (రిసీవర్ సిగ్నల్‌ని పెంచే మోతాదు) చూసుకోండి, లెవెల్స్ చాలావరకు ఖాళీగా ఉన్నాయన్నమాట.)

ఒక మినహాయింపు ఉంది. ఫిల్టర్ చేసి రేటు తగ్గించాక మాత్రం బిట్లు నిజంగానే పెరుగుతాయి. 24 లక్షల నుంచి 96 వేలకు, అంటే 25వ వంతుకు దించితే నాయిస్‌తో పోలిస్తే సిగ్నల్‌కి దాదాపు 14 డీబీ (డెసిబెల్) లాభం, రెండు బిట్లకు పైనే. దాన్ని మళ్లీ 8 బిట్‌లోకి కుక్కితే ఆ లాభం పోయినట్టే. నేను 16 బిట్‌లో పెడతాను. పాస్ మొత్తం 276 ఎంబీ, ఇక స్టోరేజ్ టెన్షన్ లేదు.

అపోహ: వేవ్ ఫైల్ (మామూలు ఆడియో ఫైల్ రకం) అయితే ఏ గొడవా ఉండదు.

వాస్తవం: ఐ ఎడమ ఛానెల్‌లో, క్యూ కుడి ఛానెల్‌లో, శాంపిల్ రేటు హెడర్‌లో. ఇంతవరకూ హాయే. కానీ అందులో సైజు రాసుకునే చోటు 32 బిట్లే కాబట్టి 4 జీబీ దాటలేదు. పైన చెప్పిన రేటుకి 16 బిట్‌లో ఏడున్నర నిమిషాలకే ఆ హద్దు వస్తుంది, ఉపగ్రహం ఇంకా నడినెత్తిన ఉండగానే.

అపోహ: ఎక్స్‌టెన్షన్ చూస్తే ఫార్మాట్ తెలిసిపోతుంది.

వాస్తవం: డాట్ రా, డాట్ ఐక్యూ, డాట్ బిన్ అనేవి ఎవరిష్టం వాళ్లు పెట్టుకున్న పేర్లు. లోపల హెడర్ ఉండదు, వరసగా అంకెలే. ఆర్‌టీఎల్‌వి 0 నుంచి 255 దాకా, నడిమధ్య 127.5. హ్యాక్‌ఆర్‌ఎఫ్ అనే ఇంకో రిసీవర్‌వీ 8 బిట్లే గానీ ప్లస్, మైనస్ గుర్తుతో, మైనస్ 128 నుంచి 127 దాకా. ఒకదాన్ని ఇంకోలా చదివితే ప్రోగ్రామ్ ఎర్రర్ ఇవ్వదు, స్పెక్ట్రమ్ నిండా చెత్త చూపిస్తుంది. ఐ, క్యూ తారుమారైతే స్పెక్ట్రమ్ అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది.

మొన్న "టెస్ట్2" అనే ఫైల్‌తో కూర్చున్నా. హెక్స్ ఎడిటర్‌లో (ఫైల్‌లోని బైట్లను 16 ఆధారిత అంకెల్లో చూపించేది) తెరిస్తే 7ఎఫ్, 80, 7ఈ, 81... అన్నీ 128 చుట్టూనే. సరే, ఆర్‌టీఎల్ అన్నమాట. మరి రేటు? 20.48 లక్షలని అందాజాగా ఇచ్చి ఎఫ్‌ఎం డీమాడ్యులేట్ చేశా, అంటే సిగ్నల్‌లోంచి ధ్వనిని విడదీశా. 2400 హెర్ట్జ్‌లో ఉండాల్సిన సబ్‌క్యారియర్ (నోవా బొమ్మను మోసే స్వరం) 2048 దగ్గర కనిపించింది. 2400ని 2048తో భాగిస్తే 1.17. నేనిచ్చిన రేటుని దాంతో గుణిస్తే సరిగ్గా 24 లక్షలు! సరిచేసి నడిపితే బంగాళాఖాతం మీద మబ్బులతో బొమ్మ వచ్చింది.

ఇప్పుడు ప్రతి రికార్డింగ్ పక్కనా సిగ్‌ఎమ్‌ఎఫ్ (రికార్డింగ్ వివరాలు రాసిపెట్టే ప్రామాణిక పద్ధతి) మెటా ఫైల్ పెడుతున్నా. చిన్న జేసన్ టెక్స్ట్ ఫైల్, అంతే. డేటా రకం, రేటు, సెంటర్ ఫ్రీక్వెన్సీ, సమయం అందులో ఉంటాయి. ఆర్‌టీఎల్ ఫైల్‌కి డేటా రకం "సీయూ8", హ్యాక్‌ఆర్‌ఎఫ్‌కి "సీఐ8". టెస్ట్2కి రాసేశా. టెస్ట్1, టెస్ట్3 ఇంకా అలాగే ఉన్నాయి.