హైదరాబాద్–దుబాయ్ విమాన ప్రయాణం: అపోహలు, వాస్తవాలు

నేను ఫ్లైట్ డిస్పాచర్‌ని. విమానం లేచే ముందు దాని దారి, ఇంధనం, గాలి లెక్కలు సిద్ధం చేసి పైలట్‌కి ఇవ్వడం నా పని. జగిత్యాల, నిజామాబాద్ వైపు మా చుట్టాల్లో చాలామంది దుబాయ్‌లో పనిచేస్తున్నారు. వాళ్ల ఇళ్లలో నేను తరచూ వినే మాటలివి.

అపోహ: పోవడానికి రెండు గంటల ఇరవై నిమిషాలే, రావడానికి మాత్రం ఐదు గంటలు.

వాస్తవం: టికెట్ మీద వేసే టైము ఏ ఊరిది ఆ ఊరి గడియారం ప్రకారం ఉంటుంది. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక. ఇక్కడ ఉదయం 10కి లేచి అక్కడ 12:20కి దిగితే, దానికి గంటన్నర కలపండి. అసలు ప్రయాణం 3 గంటల 50 నిమిషాలు. వచ్చేటప్పుడు అదే గంటన్నర తీసేయాలి. రాత్రి 10కి అక్కడ బయల్దేరి తెల్లవారుజామున 3కి శంషాబాద్‌లో దిగితే మూడున్నర గంటలే.

తేదీ కూడా చూసుకోండి. 15వ తేదీ రాత్రి 12:30 ఫ్లైట్ అంటే 14 రాత్రే ఎయిర్‌పోర్టులో ఉండాలి. ఈ ఒక్క పొరపాటుతో కష్టపడి కొన్న టికెట్ పోగొట్టుకున్నవాళ్లను చూశాను. చాలా బాధేస్తుంది.

అపోహ: భూమి తూర్పుకి తిరుగుతోంది కాబట్టి దుబాయే మనకు ఎదురొస్తుంది, పోయేటప్పుడు తొందరగా చేరాలి.

వాస్తవం: భూమితో పాటే గాలీ తిరుగుతుంది, ఆ గాలిలో ఉన్న విమానమూ తిరుగుతుంది. నడుస్తున్న రైల్లో పైకి ఎగిరితే అదే బోగీలో దిగుతాం కదా!

నిజానికి పోయేటప్పుడే ఎక్కువసేపు పడుతుంది. చలికాలంలో పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో, దుబాయ్ ఉన్న 25 డిగ్రీల అక్షాంశం చుట్టుపక్కల, పడమర నుంచి తూర్పుకి బలమైన గాలి ఏరులా పారుతుంది. దాన్నే జెట్ స్ట్రీమ్ అంటాం. విమానం వేగం గంటకు 830 కిలోమీటర్లు, గాలి సగటున 80 అనుకోండి. ఎదురుగాలిలో నేల మీద లెక్కకు 750 మాత్రమే మిగులుతుంది. వెనకగాలి తోడైతే 910. రెండూళ్ల మధ్య సుమారు 2,550 కిలోమీటర్లకు ఆ తేడా అరగంట దాటుతుంది.

వానాకాలంలో ఈ ఏరు హిమాలయాలకు ఉత్తరంగా జరిగిపోతుంది. అప్పుడు దక్షిణ భారతం మీద పైగాలి తూర్పు నుంచి పడమరకు వీస్తుంది కాబట్టి రాకపోకల తేడా తగ్గుతుంది. ఆ తూర్పు జెట్ సంగతి 1950లలో ప్రపంచానికి వివరించింది మన వాతావరణ శాఖ శాస్త్రవేత్త పి. కోటేశ్వరం. గాలి చార్టు తెరిచినప్పుడల్లా నాకు ఆయన గుర్తొస్తారు.

అపోహ: మ్యాపులో గీత గీస్తే ఎంతో, విమానం అంతే ఎగురుతుంది.

వాస్తవం: 2,550 అనేది గుండ్రటి భూమి మీద అతి దగ్గరి దారి. విమానం మాత్రం తనకిచ్చిన రూట్లలో, అనుమతి ఉన్న గగనతలంలోనే పోవాలి. మన దారి ఎక్కువగా అరేబియా సముద్రం మీదుగా పోతుంది. ఢిల్లీ నుంచి దుబాయ్‌కి దగ్గరి దారి పాకిస్తాన్ మీదుగా ఉంది. 2025 ఏప్రిల్‌లో ఆ దేశం తన గగనతలాన్ని మన విమానాలకు మూసేయడంతో అవి చుట్టూ తిరిగి పోవాల్సి వచ్చింది.

అపోహ: ఆలస్యమైతే పైలట్ స్పీడు పెంచి సరిచేస్తాడు.

వాస్తవం: ఇంత దూరంలో అలా కలిసొచ్చేది కొద్ది నిమిషాలే, దానికీ ఇంధనం బాగా కాలుతుంది. టికెట్ మీది సమయంలో రన్‌వే దాకా పోవడం, దిగాక పార్కింగ్‌కి చేరడం, రద్దీకి కొంత వెసులుబాటు అన్నీ కలిపే ఉంటాయి. పావుగంట లేటుగా లేచిన విమానం చాలాసార్లు టైముకే దిగేది ఆ వెసులుబాటు వల్లే.