డెట్రాయిట్, ఫ్లింట్ ఖాళీ అయిపోయాయా? అపోహలు - వాస్తవాలు

నేను అమెరికాలో మిచిగన్ రాష్ట్రంలో సిటీ ప్లానింగ్‌లో పనిచేస్తా, ఎక్కువగా పాడుబడ్డ ఇళ్ళు, పన్ను కట్టక కౌంటీ (మన జిల్లా లాంటిది) చేతికి వచ్చిన స్థలాలు చూస్తా. ఒకప్పుడు కార్ల ఫ్యాక్టరీలతో కళకళలాడిన డెట్రాయిట్, ఫ్లింట్ సిటీల్లో జనం ఎందుకు తగ్గిపోయారని ఇక్కడి మనవాళ్ళు ఎక్కడ కలిసినా అడుగుతారు, వినిపించే అపోహలు దాదాపు ఇవే, అందుకే ఒకచోట రాస్తున్నా.

అపోహ: జపాన్ కార్లు వచ్చి డెట్రాయిట్‌ని ముంచేశాయి

ఆ దెబ్బ తగిలింది 70ల్లో. కానీ 1950 సెన్సస్‌లో 18.5 లక్షలున్న జనం 1960కే 16.7 లక్షలకి దిగారు. అంతకు ముందే కంపెనీలు ఒకే అంతస్తులో పొడుగ్గా ప్లాంట్లు కట్టుకోడానికి సిటీ బయట చవకగా దొరికే పొలాల్లోకి పోవడం మొదలైంది, తర్వాత ఫ్రీవేలు పడ్డాయి, శివార్లలో ఇల్లు కొనడానికి తెల్లవాళ్ళకి దొరికిన లోన్లు నల్లవాళ్ళకి దొరకలేదు. 1967లో సిటీలో జరిగిన అల్లర్ల వల్లే జనం పోయారని కూడా అంటారు, అప్పుడు వలస స్పీడందుకున్న మాట నిజమే గానీ అప్పటికే పదిహేనేళ్ళుగా పోతూనే ఉన్నారు.

అపోహ: జనం ఈ ప్రాంతమే వదిలేసి పోయారు

సిటీలో 2020కి మిగిలింది 6.39 లక్షలే. చుట్టుపక్కల ఊళ్ళన్నీ కలిపి చూస్తే మాత్రం 1970లో ఎంతమందో ఇప్పటికీ దాదాపు అంతే, నలభై లక్షల పైనే. చాలామంది సిటీకి ఉత్తరపు హద్దైన ఎయిట్ మైల్ రోడ్డు దాటి అవతలికి వెళ్ళారు, అంతే. మనమూ ఇండియాలో చుట్టాలకి 'డెట్రాయిట్‌లో ఉంటున్నాం' అని చెప్తాం, ఉండేదేమో నోవై, ట్రాయ్, కాంటన్ లాంటి శివారు ఊళ్ళలో, గుడికి వెళ్ళేదీ నోవైకే. మన ఇంటి పన్ను ఆ ఊరి రోడ్లకి, పోలీసుకి, పార్కులకి పోతుంది, డెట్రాయిట్‌కి ఒక్క డాలరు కూడా రాదు. 2013లో సిటీ దివాలా తీసినప్పుడు తప్పంతా అక్కడివాళ్ళదే అన్నట్టు మాట్లాడారు చాలామంది, నాకు చాలా బాధేసింది.

అపోహ: జనం తగ్గితే సిటీకి ఖర్చూ తగ్గుతుంది

నా పనిలో అన్నిటికంటే కష్టం ఇదే. ఫ్లింట్‌లో 1960లో దాదాపు 1.97 లక్షల మంది, 2020లో 81 వేలు. పైపులు మాత్రం అప్పటి జనానికి వేసినవే, వీధిలో ఇరవై ఇళ్ళకి ఆరు మిగిలినా పైపు, రోడ్డు, లైట్లు అంతే పొడుగు, ఆ ఖర్చు ఆ ఆరిళ్ళ మీదే పడుతుంది. వాడకం తక్కువై నీళ్ళు పైపుల్లో ఎక్కువసేపు నిలిచిపోతాయి, క్లోరిన్ పోతుంది. 2014 ఏప్రిల్‌లో ఖర్చు తగ్గుతుందని ఫ్లింట్ నది నీళ్ళకి మార్చి, పైపులు తుప్పు పట్టకుండా కలపాల్సిన మందు కలపలేదు, దాంతో పాత పైపుల్లోంచి సీసం నీళ్ళలోకి దిగింది. పార్టులు తుప్పు పడుతున్నాయని అదే ఏడాది అక్టోబర్‌లో కార్ల కంపెనీ జీఎం (జనరల్ మోటార్స్) తన ఇంజిన్ ప్లాంట్‌కి ఆ నీళ్ళు ఆపేసుకుంది. ఇళ్ళలో పిల్లలు ఇంకో ఏడాది అవే తాగారు.

అపోహ: వెయ్యి డాలర్లకి ఇల్లొస్తుంది, కొనిపడేస్తే లాభమే

దయచేసి చూడకుండా కొనొద్దు. పాత పన్ను, నీళ్ళ బిల్లు బాకీలు ఉండొచ్చు, రాగి పైపులు ఎవరో పీక్కెళ్ళి ఉంటారు, పైకప్పు కారుతుంటుంది. ఎక్కడో కూర్చుని కొన్నవాళ్ళు రిపేరు చేయించరు, పన్నూ కట్టరు, రెండు మూడేళ్ళకి మళ్ళీ కౌంటీకే వస్తుంది, ఈలోపు పక్కింటి విలువ కూడా పడిపోతుంది.

అపోహ: ఇంకా అక్కడే ఉన్నారంటే వెళ్ళడం చేతకాకే

ఫ్లింట్‌లో నాకు తెలిసిన ఒకావిడ ముప్పై ఏళ్ళు కార్ల ప్లాంట్‌లో చేసి రిటైరైంది. ఇల్లు అమ్మితే వచ్చేదాంతో ఇంకో ఊళ్ళో ఏడాది అద్దె కూడా రాదు, పైగా అంత చిన్న మొత్తానికి బ్యాంకులు లోను ఇవ్వడానికి ఇష్టపడవు కాబట్టి కొనేవాళ్ళూ ఉండరు. అయినా పోనని తనే అంటుంది, చర్చి ఇక్కడే, అక్క ఇక్కడే. పక్క రెండు ఇళ్ళూ కూల్చేశాక ఆ స్థలాల్లో గడ్డి పదకొండేళ్ళు తనే కోసింది, ఎవరూ అడగలేదు, డబ్బులూ ఇవ్వలేదు. పన్ను కట్టక వదిలేసిన స్థలాలు చూసుకునే ప్రభుత్వ సంస్థ ల్యాండ్ బ్యాంకు, పక్కింటివాళ్ళకి ఖాళీ స్థలం తక్కువకి ఇచ్చే పద్ధతి అందులో ఉంది, పోయినేడు ఆవిడ కాగితాలు నేనే దగ్గరుండి నింపించా. ఇప్పుడు ఆ స్థలంలో బెండ వేసింది, వాళ్ళమ్మ దక్షిణాన ఉన్న మిసిసిపీ రాష్ట్రం నుంచి తెచ్చుకున్న అలవాటట, మొన్న వెళ్తే కవర్ నిండా లేత కాయలు కోసిచ్చింది.