లిఫ్ట్ వేయించాక స్టీరింగ్ కొట్టుకుంటోందా? అపోహలు – వాస్తవాలు

బండి ఎత్తు పెంచడానికి జిమ్నీకో, పాత జిప్సీకో రెండంగుళాల లిఫ్ట్ వేయిస్తారు. దానికి తగ్గట్టు పెద్ద టైర్లు ఎక్కిస్తారు. కర్నూలు దాటి డోన్ వైపు 44వ జాతీయ రహదారి ఎక్కాక ఫోన్ వస్తుంది. "అన్నా, ఎనభై దాటితే స్టీరింగ్ కొట్టుకుంటాంది. ఏ పార్టు మార్చాల?" ఆ ఒక్క మాటతో పార్టు పేరు చెప్పేవాళ్లు మా ఊళ్లోనూ ఉన్నారు, యూట్యూబ్‌లోనూ ఉన్నారు. నేను చెప్పను. ఎప్పుడు కొట్టుకుంటోంది, ఎలా కొట్టుకుంటోంది అని ముందు అడుగుతాను.

అపోహ: లిఫ్ట్ వేస్తే కొంచెం ఊగుడు మామూలే, అలవాటైపోతుంది.

వాస్తవం: మామూలు కాదు. సరిగ్గా వేసిన రెండంగుళాల లిఫ్ట్‌తో బండి వందలో కూడా నిలకడగా పోవాలి. అయితే ఊగుళ్లన్నీ ఒకటి కావు. ఒక వేగం దగ్గర, అంటే ఎనభై తొంభై మధ్య, సన్నగా వణికి ఆ వేగం దాటాక తగ్గిపోతే ముందు చక్రాన్ని అనుమానించాలి. బ్రేక్ తొక్కినప్పుడే వణికితే అది డిస్క్ సంగతి, లిఫ్ట్‌తో పని లేదు. వణుకు లేకుండా బండి అటూ ఇటూ తేలిపోతుంటే కాస్టర్ (ముందు చక్రం తిరిగే కీలు వెనక్కి వాలిన కోణం) తగ్గిందో, టో (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండటం) తేడా వచ్చిందో చూడాలి. వంతెన జాయింటో చిన్న గుంతో తగలగానే స్టీరింగ్ రెండు వైపులా విసిరికొట్టి, వేగం బాగా తగ్గించేదాకా ఆగకపోతే దాన్నే డెత్ వాబుల్ అంటారు. ఇది ముందు హౌసింగ్, అంటే రెండు ముందు చక్రాల మధ్య ఉండే ఇరుసు గొట్టం, ఒకే ముక్కగా ఉన్న బండ్లకు వచ్చే జబ్బు. అది మొదలైతే స్టీరింగ్‌తో కుస్తీ పట్టొద్దు. గట్టిగా పట్టుకుని యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసి, వెనక లారీ ఉందేమో అద్దంలో చూసుకుంటూ మెల్లగా ఎడమకు రండి.

అపోహ: బ్యాలెన్సింగ్ మొన్ననే చేయించాను, చక్రాల తప్పు కాదు.

వాస్తవం: ఆదోని, ఆలూరు వైపు వానల్లో పొలాల్లోకి దిగిన బండి రిమ్ము లోపలివైపు చూశారా? నల్లరేగడి మట్టి అరచేతి మందాన అతుక్కుని, ఎండి రాయైపోయి ఉంటుంది. ఎనభైలో చక్రం సెకనుకు పది సార్లు తిరుగుతుంది. ఒక పక్క అంత మట్టి ఉంటే మొన్న కొట్టించిన వెయిట్లన్నీ దండగే. పైపైన నీళ్లు కొడితే పోదు, చక్రం ఊడదీసి గీకాలి. స్టీరింగ్ ఊగుతోందని వచ్చిన బండికి మా షెడ్డులో మొదటి వైద్యం గీకుడే. దానికి డబ్బులు తీసుకోవాలంటే నాకే మొహమాటం.

మట్టి లేకపోతే రిమ్ము చూడండి. బయటి అల్లాయ్ వేసినప్పుడు మధ్య రంధ్రం హబ్ (చక్రం బిగించే మధ్య దిమ్మ) కన్నా పెద్దదైతే చక్రం నట్ల మీదే నిలబడుతుంది, మధ్యలో కూర్చోదు. సరైన సైజు రింగు వేసి, నట్లు ఎదురెదురుగా బిగిస్తే చాలా వణుకులు అక్కడితో పోతాయి. జిమ్నీకి కంపెనీ ఇచ్చే 195/80 ఆర్15 టైర్లు తీసి 235/75 ఆర్15 వేస్తే చక్రం ఎత్తు నాలుగు సెంటీమీటర్లు పెరుగుతుంది, బరువూ పెరుగుతుంది. మునుపు కనపడని చిన్న లూజుని బయటికి లాగేది ఆ బరువే. లిఫ్ట్ వేసిన రోజే టైర్లు కూడా మార్చినవాళ్లకు తప్పు దేనిదో తేలదు. పాత చక్రాలు ఇంట్లో ఉంటే అవి వేసి ఒకసారి నడిపి చూడండి, సగం సంగతి అక్కడే తేలిపోతుంది.

అపోహ: స్టీరింగ్ డ్యాంపర్ మారిస్తే సరి.

వాస్తవం: నాకు బాగా ఒళ్లుమండేది దీని మీదే. డ్యాంపర్ అంటే స్టీరింగ్ కుదుపుల్ని మింగే చిన్న షాకబ్జార్బర్. అది ఊపుని అణిచిపెడుతుంది కానీ పుట్టించదు. లావుపాటి కొత్త డ్యాంపర్ వేస్తే కొన్నాళ్లు ఊపు కనపడదు. లోపల లూజు మాత్రం అరుగుతూనే ఉంటుంది. మళ్లీ మొదలైనప్పుడు మునుపటికన్నా గట్టిగా కొడుతుంది.

అసలు చూడాల్సింది పాన్‌హార్డ్ రాడ్డు. హౌసింగ్ పక్కలకు జరగకుండా ఛాసిస్‌కి కట్టేసే అడ్డ కడ్డీ అది. జిమ్నీలో ఉంటుంది. కమాన్ కట్టల మీద నడిచే జిప్సీలో ఉండదు, అక్కడ షాకిల్ (కమాన్ కొసను ఛాసిస్‌కి కలిపే ముక్క) బుష్‌లు, కమాన్ బుష్‌లు, అంటే రబ్బరు తొడుగులు, చూడాలి. పరీక్షకు జాకీ కూడా అక్కర్లేదు. చదునైన చోట బండి ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు అడ్డం రాళ్లు పెట్టి, ఇంజిన్ ఆన్‌లో ఉంచండి. ఒకరు సీట్లో కూర్చుని స్టీరింగ్‌ని కొద్దిగా అటూ ఇటూ తిప్పుతుండాలి. మీరు కింద పడుకుని, రాడ్డు చివర ఉన్న బోల్టుకీ బ్రాకెట్‌కీ మధ్య వేలు ఆనించండి. రెండూ కలిసి కదిలితే మంచిది. బోల్టు ఒకలా బ్రాకెట్ ఒకలా కదులుతుంటే వేలికి 'టిక్' మని తగులుతుంది. ఆ బోల్టు విప్పి చూస్తే రంధ్రం గుండ్రంగా ఉండదు, కోడిగుడ్డులా సాగి ఉంటుంది, అంచున లోహం మెరుస్తూ చుట్టూ ఎర్రటి తుప్పు పొడి ఉంటుంది. అక్కడ వాషర్ మీద వాషర్ వేసి బిగిస్తే లాభం లేదు. సరైన రంధ్రం ఉన్న ప్లేటు వెల్డింగ్ చేయించాలి. అదే పద్ధతిలో టై రాడ్ చివర్లు, డ్రాగ్ లింకు (స్టీరింగ్ బాక్సు నుంచి చక్రాన్ని తిప్పే కడ్డీ), స్టీరింగ్ బాక్సు బోల్టులు కూడా చూసేయండి.

తర్వాత కింగ్‌పిన్, అంటే స్టీరింగ్‌తో పాటు ముందు చక్రం అటూ ఇటూ తిరిగే కీలు. జాకీ ఎత్తి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. లూజు తగిలితే ఇంకొకరిని బ్రేక్ తొక్కమనండి. అప్పుడు లూజు పోతే వీల్ బేరింగ్, పోకపోతే కింగ్‌పిన్ బేరింగ్.

అపోహ: అలైన్‌మెంట్ మిషన్‌లో అంతా పచ్చగా వచ్చింది, కాబట్టి బండి బాగానే ఉంది.

వాస్తవం: ఆ మిషన్ నిలబడ్డ బండిని కొలుస్తుంది, పరిగెత్తే బండిలో లూజు దానికి తెలీదు. పైగా ఒకే ముక్క హౌసింగ్ ఉన్న బండికి రెండు చక్రాలనూ టై రాడ్డే కలుపుతుంది కాబట్టి, లిఫ్ట్ వేసినంత మాత్రాన టో పెద్దగా మారదు. మారేది కాస్టర్. సైకిల్ చేతులు వదిలినా నేరుగా పోవడానికి ముందు ఫోర్కు వెనక్కి వాలి ఉండటం కూడా ఒక కారణం కదా, ఇక్కడా అంతే. జిమ్నీలో హౌసింగ్‌ని పట్టుకునే ఆర్ములు వెనక ఛాసిస్‌కి బిగించి ఉంటాయి. బాడీ లేచేసరికి ఆ వెనక కొసలు లేస్తాయి, హౌసింగ్ ముందుకు తిరుగుతుంది, కాస్టర్ తగ్గుతుంది. జిప్సీలో ముందు షాకిల్ పొడవు పెంచినా ఇదే జరుగుతుంది. చాలా షాపుల్లో టో ఒక్కటి సరిచేసి పంపేస్తారు. ప్రింట్ తీసుకుని కాస్టర్ వరస చదవండి. తక్కువుంటే రంధ్రం ఒక పక్కకు ఉండే ఆఫ్‌సెట్ బుష్‌లో, ఆర్ముల వెనక కొసల్ని కిందికి దించే డ్రాప్ బ్రాకెట్లో వేయాలి.

అలాగని కాస్టర్ ఎంత ఎక్కువైతే అంత మంచిదనుకోవద్దు. హౌసింగ్‌ని వెనక్కి తిప్పేకొద్దీ ముందు డిఫరెన్షియల్ (హౌసింగ్‌లో ఉండే గేర్ల గుండు) మూతి కిందికి దిగుతుంది, దానికి పవర్ తెచ్చే ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింటు కోణం పెరుగుతుంది. ఫోర్ హైలో (నాలుగు చక్రాలకూ పవర్ వెళ్లేటప్పుడు) మాత్రమే కాళ్ల కింద గురగురలాడుతుంటే స్టీరింగ్‌ని తిట్టకండి, అది ఈ షాఫ్ట్.

అపోహ: బోల్టులన్నీ గట్టిగా బిగించారు, ఫిటింగ్‌లో తప్పుండదు.

వాస్తవం: ఎంత గట్టిగా అన్నది కాదు, ఎప్పుడు అన్నది చూడాలి. ఆర్ములు, పాన్‌హార్డ్ రాడ్డు బోల్టుల్ని బండి గాల్లో ఉండగానే బిగిస్తే రబ్బరు బుష్ మెలిపడి ఆ స్థితిలోనే ఇరుక్కుంటుంది. బండి కిందికి దిగాక రోజంతా మెలికలోనే ఉండి తొందరగా చిరిగిపోతుంది. చక్రాలు నేల మీద ఆని, బండి బరువు పడ్డాకే చివరి బిగింపు వేయాలి, అదీ ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే టార్క్ పానాతో. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి బిగింపు చూడాలి. బండి దింపకుండానే 'అయిపోయింది సార్' అన్న షాపుకి రెండోసారి వెళ్లకండి.

అపోహ: థార్‌కి కూడా డెత్ వాబులే.

వాస్తవం: 2020లో వచ్చిన థార్‌కి ముందు చక్రాలు దేనికది విడిగా ఉంటాయి, పాన్‌హార్డ్ రాడ్డు ముందువైపు ఉండదు. దానికి లిఫ్ట్ వేస్తే క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికో బయటికో వాలడం), టో రెండూ మారతాయి, బాల్ జాయింట్ల మీద కోణం పెరుగుతుంది. కాబట్టి దీనికి మాత్రం లిఫ్ట్ అయిన వెంటనే అలైన్‌మెంట్ తప్పనిసరి. తర్వాత కూడా వణికితే చక్రాలు, బాల్ జాయింట్లు, స్టీరింగ్ రాక్ చివర్లు చూడాలి.

అపోహ: లిఫ్ట్‌కి ఏ రూలూ అడ్డు లేదు.

వాస్తవం: ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్. కంపెనీ ఇచ్చిన కొలతలకు భిన్నంగా మార్పులు చేయకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర ఇది తగులుకుంటుంది.

చూపించడానికి వచ్చేటప్పుడు అలైన్‌మెంట్ ప్రింట్లు, తీసేసిన పాత స్ప్రింగులు, పాత బోల్టులు డిక్కీలో వేసుకుని రండి. కొత్త కిట్‌లో సన్నటి బోల్టు వచ్చిందా అన్నది పాతది పక్కన పెడితే గానీ తెలీదు.